కవరులో కట్టిన ఊరు

మొన్న బీరువా అడుగు అర సర్దుతుంటే కలరా ఉండల వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. ఆ వాసనకు అందరికీ పట్టుచీరలో, పెళ్లినాటి బట్టలో గుర్తొస్తాయి కాబోలు. నాకు కంప్యూటర్ గుర్తొస్తుంది. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, బొద్దింకలూ చీమలూ చేరతాయని మా కంప్యూటర్ పెట్టె పక్క రేకు ఊడదీయించి లోపల గుప్పెడు కలరా ఉండలు వేయించేది. పెట్టె వేడెక్కేకొద్దీ లోపలి ఫ్యాను ఆ వాసనను గదంతా చిమ్మేది. అందుకే ఇప్పటికీ అది తగిలిందంటే నాకు కూర్చున్నచోట కుదురుండదు. కరెంటు పోయేలోగా ఏదో సేవ్ చేసుకోవాలని, చేయకుండా లేచి వచ్చేశానని ప్రాణం కొట్టుకుంటుంది.

మాది కొల్లేటి నడుమ ఒక లంక. ఏలూరు నుంచి పెదపాడు దాటి వచ్చి, మట్టిరోడ్డు నీళ్లలో దిగిపోయే చోట బస్సు దిగి, పడవెక్కితే మా ఊరు. వేసవిలో బురద ఎండి పగిలిన నేల వాసన, వానాకాలం నాచు వాసన, చలికాలం ఎండుచేపల పొగరు వాసన, క్రిస్మస్ దగ్గర పడుతుంటే పాకం పట్టిన బెల్లం, నూనెలో పొంగే అరిసెలు, పక్కింటి నుంచి కజ్జికాయలు, మా ఇంటి నుంచి సున్నుండలు, వాటి మధ్య తేగలు కాల్చిన మసి, మూతికి అంటిన ఆ మసితోనే చర్చికి వెళ్లి అమ్మ చేత తిట్లు తినడం, ఇదీ మా ఏడాది. నాన్న ఊళ్లోనే బడిపంతులు. నాన్న తమ్ముడు, ప్రకాశం బాబాయి, మరి కొందరితో కలిసి సరస్సులోనే ఒక చేపల చెరువు చేసేవాడు. చేపల పట్టుబడి బాగా వచ్చిన ఒక ఏడాది ఏలూరు వెళ్లినవాడు, ఇంటికి కావలసిన సరుకులన్నీ మర్చిపోయి, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి పడవలో వేసుకుని వచ్చాడు. టీవీ అనుకుని ఊరు ఊరంతా రేవుకు వచ్చింది.

దాన్ని వాడటం కంటే కాపాడటమే మాకు పెద్ద పని. మౌస్ అడుగున రబ్బరు బంతి ఉండేది ఆ రోజుల్లో. మా ఇంటి దుమ్మూ, చేపల మేతలో కలిపే తవుడూ దానికి అంటుకుని, తెర మీద బాణం మొరాయించిన ఎద్దులా ఒకేచోట నిలబడిపోయేది. బాబాయి బంతిని ఊడదీసి లుంగీ అంచుతో తుడిచి, లోపలి చక్రాలకు పట్టిన మడ్డిని నేను అగ్గిపుల్లతో గీకుతుంటే, వెలుతురు సరిపోవడం లేదని టార్చి పట్టుకుని కూర్చునేవాడు. చేపల ఇగురు తిన్న చేత్తో ఎవరైనా కీబోర్డు ముట్టుకుంటే చీమలకంటే ముందు పిల్లి వచ్చేది. వేడిగా ఉంటుందని అది తెర పైకెక్కి పడుకుని, తోక కిందికి వేలాడేసి, నేను ఆడే కారు పందెంలో సగం రోడ్డు కనబడనిచ్చేది కాదు. ఒకసారి మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్లలో కడిగి, చేటలో పోసి, వాకిట్లో వడియాల పక్కన ఎండబెట్టాం. కోళ్లు వడియాలు మానేసి మీటల మీద పడ్డాయి. అన్నీ దొరికాయి గానీ, ఎస్ మీట మాత్రం దొరకలేదు. ఏ కోడి మింగిందో తెలియక, మామ్మ ఆ నెలంతా కోడిని కోసినప్పుడల్లా లోపల వెతికి మరీ వండింది.

ఆ తర్వాత చెరువులు పోయాయి. సరస్సు హద్దుల్లో ఉన్న గట్లన్నీ కొట్టేయాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయట. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చి మా బాబాయి వాళ్ల గట్టును కూడా తెగ్గొట్టాయి. అది న్యాయమా అన్యాయమా అని మా అరుగు మీద రోజూ గొడవే. సరస్సంతా గట్లు కట్టేస్తే వాన నీరు ఎటు పోతుందిరా అని నాన్న, పొట్ట ఎటు పోతుందన్నయ్యా అని బాబాయి. పని లేని మనిషి ఎలా ఉంటాడో నేను అప్పుడే చూశాను. బాబాయి కూర్చుంటే మోకాలు ఆడేది, లేస్తే రేవు దాకా వెళ్లి ఏ పడవా ఎక్కకుండా తిరిగొచ్చేవాడు, అన్నం సగం తిని లేచేవాడు, ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే తను తెరుచుకుని కప్పు వంక చూసేవాడు. మామ్మ ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపితే, రెండోది ఆడేది.

ఆ మోకాలు ఆగింది ఒక్క ఆట దగ్గరే. ఏలూరులో కొన్న సీడీల్లో ఊళ్లు కట్టే ఆట ఒకటి వచ్చింది. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, కరెంటిచ్చి, జనాన్ని చేర్చుకోవాలి. నేను కార్లూ తుపాకులూ మానేసి దానికి మరిగాను. ఒకరోజు వెనకాల నిలబడి చూస్తున్న బాబాయి, ఇలా తప్పుకోవే అని మౌస్ అందుకుని, నేను బజారు కడదామనుకున్న చోట, ఊరి నట్టనడుమ, ఇంత చెరువు తవ్వేశాడు. చుట్టూ గట్టు పోశాడు, తూము పెట్టేచోటు వదిలాడు. చెరువుకు ఆ ఆటలో అర్థమే లేదు, చేపలుండవు, జనం రోడ్లు లేవని మొత్తుకుంటారు. మొత్తుకోనీయ్ అనేవాడు. తర్వాత రోజూ ఇద్దరమూ ఒకే స్టూలు మీద చెరో అంచునా కూర్చుని ఆ ఊరు పెంచాం. వీధులకు నేను ఇష్టమొచ్చిన పేర్లు పెడితే, ఇళ్లు నీటికి ఎంత దూరంలో ఉండాలో బాబాయి చెప్పేవాడు. ఎస్ మీట ఉండాల్సిన గుంటలో రబ్బరు ముక్క ఇరికించి, కరెంటు పోకముందే దాంతో సేవ్ కొట్టేవాళ్లం.

మామ్మకు ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మోకాలు మాత్రం అర్థమైంది. ఒరిస్సా వైపు చెరువుల మీదికి పనికి పోతానని బాబాయి అప్పుడప్పుడూ అనడం, మా ఊరివాళ్లు కొందరు అలా పోయి ఏళ్ల తరబడి రాకపోవడం ఆవిడ మనసులో ముల్లై కూర్చుంది. ఒక మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి లాగి, గుప్పిట్లో కలరా ఉండలు పెట్టి అంది:

"ఆ పెట్టెకేమీ కాకుండా చూడవే. అదున్నన్నాళ్లూ వీడు గడప దాటడు."

అప్పటి నుంచీ నాకు ఆట ఆట కాకుండా పోయింది. బళ్లో పాఠం చెబుతుంటే ఇంట్లో కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందేమోనని గుబులు. ఆ ఊరంతా హార్డ్ డిస్క్ అనే ఒక ఇనప డబ్బాలో ఉంటుందని బాబాయి చూపించాక, దాని మీద చెవి పెట్టి, లోపల పళ్లెం తిరిగే సన్నటి రొద సరిగ్గా ఉందో లేదో రోజూ వినేదాన్ని. ఆ రొదలో తేడా వస్తే మా బాబాయి వెళ్లిపోతాడని నా నమ్మకం.

ఆ ఏడు వానలు ముసురు పట్టి వదల్లేదు. కొల్లేరు ఒడ్డు దాటి మా వీధిలోకి వచ్చింది. బియ్యం, బైబిళ్లు, పరుపులు అటక మీదికెక్కాయి. అటక మీద మిగిలిన చోట పెంకులు కారుతున్నాయి కాబట్టి కంప్యూటర్‌ను మంచం మీద మంచం వేసి నిలబెట్టారు. ప్రాణం ఇందులో ఉంది, తక్కినదంతా ఒట్టి పెట్టె అని బాబాయి హార్డ్ డిస్క్ ఊడదీశాడు. దాన్ని పడవలో దాటించి ఏలూరులో మా మేనత్తగారి మేడ మీద దాచాలి. పడవ తిరగబడితే? దానికి బాబాయి దగ్గర ఉపాయం ఉంది. చెరువు పోయాక అప్పుడప్పుడూ చేపపిల్లల ప్యాకింగుకు వెళ్లేవాడు. పాలిథిన్ కవరులో నీళ్లు పోసి, పిల్లలను వదిలి, సిలిండర్ నుంచి ఆక్సిజన్ ఎక్కించి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండ్లు బిగిస్తే, ఎంత దూరం పోయినా పిల్ల చావదు, కవరు మునగదు. డిస్కును న్యూస్‌పేపర్లో చుట్టి, అలాంటి కవరులో పెట్టి, అచ్చం అలాగే గాలి ఎక్కించి బిగించాడు. గుమ్మడికాయంత అయింది. ఊరి జనం అందులో చేపపిల్ల ఏదని అడిగితే, ఇనప కొరమీను అని చెప్పి నవ్వాడు. చాలా రోజుల తర్వాత బాబాయి నవ్వడం అదే. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని, మధ్యమధ్య గట్టిగా హత్తుకుని, పడవ దాటాను.

నీళ్లు తీశాక మేనత్తగారింటికి వెళ్లాం. మేడ మీద రేకుల గది వేడికి కవరు లోపలంతా చెమట పట్టి, బయటికి ఏమీ కనబడకుండా మసకగా ఉంది. బాబాయి దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, రబ్బరు బ్యాండ్లు విప్పాడు. కాగితం తడిసి డిస్కుకు అతుక్కుపోయింది, కింది పచ్చ పలక మీద తుప్పు మరకలు తేలాయి.

"కవరు కడిగానే," అన్నాడు నెమ్మదిగా. "చేపపిల్ల ఎయ్యబోయే ముందు కవరు జాడించడం అలవాటే. చెయ్యి దానంతటదే జాడించేసిందే."

ఏలూరులో కంప్యూటర్ షాపువాళ్లు తల అడ్డంగా తిప్పారు. తాడేపల్లిగూడెంలో ఒకాయన డిస్కులు బాగుచేస్తాడని ఎవరో చెబితే ప్యాసింజరెక్కి వెళ్లాం. ఆయన షాపు ఉల్లిపాయల బజారుకు దగ్గర. మెట్లెక్కుతుంటే ఉల్లి ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అప్పటికే తిరుగుతున్నాయేమో కూడా. ఆయన నెమ్మదస్తుడు, నడివయసు మనిషి. డిస్కుకు కరెంటిచ్చి, నాలాగే చెవి పెట్టి విన్నాడు. దూరం నుంచి నాకూ వినబడింది. టక్, టక్, టక్. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టుంది.

"ఇంక లాభం లేదండి," అన్నాడాయన. "ఇందులో ఆఫీసు కాగితాలేమన్నా ఉన్నాయాండీ?"

"ఆయ్, కాగితాలు కాదండి," అన్నాడు బాబాయి. "ఊరుందండి."

ఆయన ఏమనుకున్నాడో, తన బల్ల కింద పడున్న పాత డిస్కు ఒకటి తీసి, పొడి గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు.

స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు నేను ఏడుపు ఆపుకోలేక, మామ్మ అన్న మాట బయటపెట్టేశాను. ఊరు పోయింది కాబట్టి నువ్వు వెళ్లిపోతావు కదా బాబాయ్ అన్నాను.

"వానలు పట్టకముందే మాటిచ్చేశానే, ఒరిస్సా వస్తానని," అన్నాడు. "ఊరు నీ దగ్గర భద్రంగా పెట్టి ఎల్దామనే అంత గట్టిగా కట్టాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కవరును నేను ఒళ్లో పెట్టుకుని పడవలో కాపాడింది అతన్ని ఆపుతుందని. అతను కట్టింది వెళ్లిపోవడానికి. బండిలో ఏలూరు దాకా అతనితో మాట్లాడలేదు. పక్కన మోకాలు ఆడుతూనే ఉంది, ఆపమని కూడా చెప్పలేదు.

వెళ్లేముందు పాత డిస్కు బిగించి, ఆట ఎక్కించి, ఖాళీ నేల తెరిచిపెట్టాడు. నువ్వు మొదలెట్టు, మధ్యలో చోటుంచు, వచ్చాక చెరువు తవ్వుదాం అన్నాడు. కోపం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. తగ్గాక మొదలెట్టాను. ఏళ్ల తరబడి కట్టాను, నట్టనడుమ చోటుంచాను. జనం అక్కడ బజారు కావాలన్నారు, ఆసుపత్రి కావాలన్నారు. ఇవ్వలేదు. బాబాయి పండక్కి వచ్చేవాడు, రెండు పూటలుండి వెళ్లేవాడు, కంప్యూటర్ ముందు కూర్చున్నది లేదు. మామ్మ అడిగేది కాదు, కలరా ఉండలు మాత్రం మారుస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ మామ్మ లేదు. లంకలో మా ఇల్లు లేదు, రేవు దగ్గర రోడ్డు ఎత్తు చేశారు, బంతి మౌసులు ఎక్కడా కనబడవు, పిల్లలకు సేవ్ కొట్టడమంటే ఏమిటో తెలియదు, అంతా దానంతటదే ఎక్కడో భద్రమైపోతుంది. బాబాయి అత్తిలి దగ్గర స్థిరపడి చేపపిల్లలు అమ్ముతాడు. బీరువాలో వాసన తగిలిన మర్నాడే, ఏలూరులో పనుండి మా ఇంటికొచ్చాడు. నాకు కుదురు లేకపోయింది. దాచిన పాత పెట్టె దించి, ఎలాగో బతికించి, ఆ ఊరు తెరిచాను. అలవాటుగా అతను మౌస్ తిరగేసి బంతి కోసం చూశాడు. కింద ఎర్రటి వెలుగు తప్ప ఏమీ లేకపోతే, మళ్లీ బోర్లించాడు.

"ఇదేంటే, నడుమ ఇంత చోటు ఒగ్గేశావు?" అన్నాడు.

మర్చిపోయాడు. నీ చెరువు బాబాయ్ అన్నాను. అతను కళ్లద్దాలు తుడుచుకుని, తెరకు దగ్గరగా జరిగి, ఒక మూల నుంచి నెమ్మదిగా తవ్వడం మొదలెట్టాడు. గట్టు పోశాడు. తూముకు చోటు వదిలాడు. పక్కన కూర్చుని చూస్తే మోకాలు ఆగి ఉంది. ఆడుతున్నది నాదే.

లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"సేవ్ కొట్టావా?"

"కొట్టాను."

"ఈసారి దాచేటప్పుడు కవరు కడక్కే," అన్నాడు.

అతను బస్సెక్కాక ఇంట్లోకి వచ్చి, ఇంకా తృప్తి లేక, మరోసారి సేవ్ కొట్టాను.