మా మర ఆగిన పన్నెండు దినాలు

నేను ఐదో తరగతి చదివే రోజులు... ఆళ్లగడ్డలో మాకో పిండిమర ఉండేది. ముందు మర, వెనక ఇల్లు. ఒక పొద్దున అమ్మ నాకు జడ వేస్తుంటే మర చప్పుడు ఉన్నట్టుండి ఆగింది... వెంటనే కాలిన వాసన. మోటారు పోయింది.

మా నాయన నాగన్న దాన్ని జీపులో వేసుకుని నంద్యాలకు పోయి, సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. వైండింగ్ షాపులో రైతుల బోరు మోటార్లు వరసగా ఉన్నాయట. మనది చేతికి రావడానికి పన్నెండు దినాలు పడుతుందన్నారట.

మా వైపు అప్పట్లో దాదాపు ప్రతి ఇంట్లో రోజూ జొన్నరొట్టె. పిండి లేకుండా ఎవరూ పన్నెండు దినాలు ఆగరు. రెండు వీధుల అవతల దస్తగిరి మామ మర ఉంది. అందరూ ఆడికే పోతారు.

"ఒకసారి ఆడ అలవాటు పడితే మళ్ళా మన గడప తొక్కుతారా?" అంది అమ్మ. మాకు వేరే ఆధారం లేదు.

మరుసటి రోజు నాయన వర్తక సంఘానికి పోయాడు. కిరాణా గోదాము మీద ఒక గది... అదే సంఘం ఆఫీసు. ఆదివారం కాబట్టి నేనూ వెంటపడ్డాను. సంఘం పెద్ద సుబ్బయ్య శెట్టి అప్పటికే దస్తగిరి మామను పిలిపించి కూర్చోబెట్టాడు.

"ఏం దస్తగిరీ, నాగన్న జనాలంతా నీ కాడికి వస్తారు. ఏం చేస్తాండావ్?"

"వస్తే పొమ్మంటానా శెట్టీ?"

గదిలో అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు.

శెట్టి మాత్రం తాపీగా చెప్పాడు. "ఇట్ల చేద్దాం. జనాలు డబ్బాలు నాగన్న అంగట్లోనే దించుతారు. తోపుడుబండి మీద నీ మరకు వస్తాయి. పిండి పట్టినాక మళ్ళా నాగన్న అంగట్లోకే పోవల్ల. ఇచ్చేది ఆయప్పే."

పట్టిన కూలి దస్తగిరి మామది. వచ్చే జనం మాత్రం మా గిరాకీగానే ఉండాలి... అదీ ఏర్పాటు.

"పోటీ మర ఆగిపాయె, నాకు పండగే అనుకుంటి. చాకిరీ నెత్తిన పెడ్తాండారే!" అన్నాడు దస్తగిరి మామ. అని, నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "రేపటినుంచి పంపప్పా."

నాలుగు దినాలు బాగానే నడిచింది. అమ్మ డబ్బాల మూతల మీద సుద్దముక్కతో పేర్లు రాసేది. మర ఆగినా మా అరుగు మీద జనం తగ్గలేదు.

ఐదో దినం కరుణమ్మ టీచరు డబ్బా పట్టుకుని వచ్చింది. క్రైస్తవ మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. అందరి ముందూ డబ్బా మూత తీసింది.

"ఏందీ పిండి నాగన్నా? రొట్టె తిని మా అత్త చెంబెడు నీళ్ళు తాగింది. ఇంకా నోరు మండుతాందంట!"

నాయన చిటికెడు నోట్లో వేసుకున్నాడు. కారం. ఎర్రగా ఏమీ కనపడలేదు గానీ నాలుకకు తెలుస్తోంది.

"మా అంగట్లో ఇచ్చిన పిండి. తప్పు మాదే టీచరమ్మా" అన్నాడు.

వరసలో ఉన్న ఇద్దరు ఆడోళ్ళు తమ డబ్బాలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. అమ్మ నాయనను లోపలికి పిలిచింది.

"పట్టింది దస్తగిరన్న అని చెప్తే ఏం పోతాది?"

"మనకు సాయం చేసేటోన్ని బజార్లో నిలబెట్టమంటావా?"

"మరి మన మాటేంది? ఇద్దరు పాయిరి. రేపు పదిమంది పోతారు!"

నాయన మళ్ళీ అరుగు మీదికి పోయి మిగిలిన డబ్బాలు దించుకున్నాడు.

తోపుడుబండి ఆయన పోయి దస్తగిరి మామకు చెప్పినట్టుంది. అరగంటలో వచ్చాడు. కనుబొమ్మల దాకా పిండి. మా అరుగు ఎక్కి, వీధికంతా వినపడేట్టు అన్నాడు...

"టీచరమ్మ జొన్నలు నేను పట్టినా. పని ఎక్కువయ్యి, మిరపకాయలు పట్టే కారం మరలో పోసినా. ముందర దోసెడు నూకలు పోసి తిప్పినా, శుభ్రమైందిలే అనుకుంటి. తప్పు నాది. నాగన్నకు ఏం సంబంధం లేదు."

తర్వాత తన ఇంటి జొన్నపిండి తీసుకుని టీచరమ్మ ఇంటికి పోయాడు. నాయనా, నేనూ వెంట పోయాం. ముసలావిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"నువ్వేనా పట్టింది? కారం సరిపోయింది గానీ ఉప్పు మర్చిపోతివి నాయనా. ఈసారి అదీ వేసి పట్టు."

దస్తగిరి మామ అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

వెళ్ళిపోయిన ఆ ఇద్దరూ మరుసటి రోజే డబ్బాలతో వచ్చారు. పన్నెండో దినం నంద్యాల నుంచి మోటారు వచ్చింది. అరుగెక్కి చెప్పిన ఆ మాట వల్ల దస్తగిరి మామ మరకు పోవడం మానినవాళ్ళు ఉన్నారేమో నాకు తెలియదు. మా మరకు రావడం మానినవాళ్ళు మాత్రం లేరు. మా అక్కవీ నావీ చదువులు ఆ మర మీదే అయ్యాయి.

ఈ మధ్య సంఘం పాత తీర్మానాల పుస్తకం తిరగేశాను. మా సంగతి ఒక్క వాక్యమే ఉంది... మోటారు వచ్చేదాకా తోటి మరవాళ్ళు సహకరించాలని. అంతే. దస్తగిరి మామ అరుగెక్కి చెప్పిన మాట అందులో లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను తెలుసుకునే వయసుకు వచ్చాక కూడా ఆయనకు ఒక్క మంచి మాట చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు వీధిలో ఒక షట్టర్ నాలుగు దినాలు దించి ఉంటే, ఫోన్ తీసి ఇంకెక్కడో తెప్పించుకుంటున్నాం... ఎవరి షట్టరో కూడా చూడకుండా. నేనూ అంతే.

మీ ఊరి బజార్లో పక్క అంగడి నిలబడాలని తన అంగడి పేరు పణంగా పెట్టిన మనిషి ఉంటే, ఆ మనిషి పేరు ఈ కింద కామెంట్లలో రాయండి. ఏ పుస్తకంలోకీ ఎక్కని పేర్లు ఇక్కడైనా ఉండనీ...