మూడో జడ్జిగారి నాలుగు పేజీలు

మా అక్క ఒకే అద్దెగదిలో ముప్పై ఒక్క ఏళ్లు కుట్టుమిషను తొక్కింది. వీధివైపు కిటికీ, దాని కింద మిషను, గోడనిండా కొలతల చీటీలు. చూపు తగ్గాక, సూదిలో దారం ఎక్కించమని దారినపోయేవాళ్లను కిటికీలోంచే కేకేసేది. మొహమాటమా పాడా! ఆ వీధంతా ఆమెకు చుట్టాలే.

ఇంటాయన పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టాలనుకున్నాడు. చెడ్డవాడేం కాదు. "ముందుగది వదిలెయ్యమ్మా, మేడలో పెరటివైపు గది నీకు బతికున్నన్నాళ్లూ రాసిస్తాను" అన్నాడు. అక్క నన్ను అడిగింది. నేను తీర్పుల పుస్తకాలు అచ్చువేసే చోట పనిచేస్తాను. ఒక్కో తీర్పుకూ పైన పది లైన్ల సారాంశం రాయడం నా పని. వకీళ్లు కూడా అది చూసే వాదిస్తారని నాకు మహా పొగరు.

ఆ నెలలోనే పెద్దకోర్టులో అయిదుగురు జడ్జీలు ఇలాంటి కేసే తేల్చారు. అద్దెదారు వైపు ముగ్గురు, ఎదురు ఇద్దరు. ఆ ముగ్గురిలో ఇద్దరు, ఇరవై ఏళ్లు దాటి ఉన్నవాణ్ణి కదపకూడదని యాభై పేజీలు రాశారు. మూడో ఆయన రాసినవి నాలుగే పేజీలు. నేను తలలు లెక్కపెట్టుకుని, ఇరవై ఏళ్ల మాటే కోర్టు మాటని సారాంశం రాసి పారేశాను. ఆ నాలుగు పేజీలు తిప్పితే నా సొమ్మేం పోయేది?

"గది వదలకక్కా, చట్టం నీ వైపుంది" అన్నాను. అక్క పెరటిగది వద్దంది.

ఇంటాయన కాగితం మీద నోటీసిచ్చి కోర్టుకెక్కాడు. అక్కడి జడ్జి నా సారాంశం పక్కనపెట్టి అసలు తీర్పు తెరిచాడు. మూడో ఆయన అద్దెదారుని గెలిపించింది ఏళ్లు చూసి కాదట, నోటీసు నోటిమాటగా ఇచ్చారని మాత్రమేనట.

"నోటీసు సంగతి ముగ్గురూ ఒప్పుకున్నారు. ఏళ్ల సంగతి ఇద్దరే అన్నారు. ముగ్గురూ కలిసినంతవరకే మేం కట్టుబడాలి. మీకు రాతలో నోటీసు అందిందిగా?" అన్నాడు.

అందింది. అక్క ఓడిపోయింది. ఇంటాయన పెరటిగది మాట మళ్లీ ఎత్తలేదు.

సామాను కట్టే రోజున అక్క గోడమీది చీటీలు పీకుతూ నావైపు తిరిగింది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ తీర్పు నువ్వు పూర్తిగా చదివావా?"

"చదివానక్కా."

"నాకు తెలుసులే. అయితే వాళ్లే ఏదో తిరకాసు పెట్టారు. నువ్వు మాత్రం ఏం చేస్తావురా, దిగులుపడకు" అంటూ నా తల నిమిరింది.

గది పోయిన మనిషి నన్ను ఓదారుస్తుంటే, సిగ్గులేకుండా ఓదార్పించుకున్నాను.