నాణేల అంకుల్ మీద నా కుళ్ళు

మా అమ్మాయి వాళ్ళ ‘నాణేల అంకుల్’ పోయారు. మంగళవారం పొద్దున, అమెరికాలో మేముండే పార్సిప్పనీలోనే, ఆఫీస్‌కి బయల్దేరుతూ కారు ఎక్కబోయి అక్కడే పడిపోయారట. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకున్న కుళ్ళు ఇంతా అంతా కాదు.

ఆయన దగ్గర ఒక ట్రే నిండా పాత గ్రీకు వెండి నాణేలుండేవి. పంతొమ్మిదివందల ఎనభైలో వెండి ధర చుక్కలనంటినప్పుడు, అమ్మేయమని మనవాళ్ళంతా చెవినిల్లు కట్టుకుని పోరారు. "నేను వెండి కొనలేదండీ, బొమ్మలు కొన్నాను" అని నవ్వేసేవారు.

ప్రతి శనివారం మా అమ్మాయిని వాళ్ళింట్లో దింపి, మళ్ళీ తెచ్చుకోవడం నా డ్యూటీ. ఆయనది ఒకటే రూలు. బొమ్మ పేరు తెలుగులో చెబితేనే నాణెం చేతికిచ్చేది. తాబేలు, రెక్కల గుర్రం, బార్లీ కంకి. "ఏ ఊరు దేన్ని నమ్ముకుంటే దాన్నే నాణెం మీద వేసుకుందమ్మా" అనేవారు.

"గుడ్లగూబని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?" అన్నానోసారి, ఒక నాణెం మీద ఆ బొమ్మ చూసి ఉండబట్టలేక. ఆయన నోరు తెరిచేలోపే మా పిల్ల, "అది గ్రీకు వాళ్ళ చదువులమ్మ పక్షి నాన్నా!" అంది. తెలుగులో! ఇంట్లో అన్నం తిన్నావా అంటే "యా డాడ్" అని తలుపేసుకునే పిల్ల! నాకు ఒళ్ళు మండిపోయింది. నేనూ ఊరుకోలేదు. స్టాంపుల ఆల్బమ్ కొనుక్కొచ్చి, పేర్లు తెలుగులో చెప్పమన్నాను. "డాడ్, దట్స్ అంకుల్స్ థింగ్" అంది.

ఫ్యునరల్ హోమ్‌లో ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె పక్కన నిలబడి మా అమ్మాయి తెలుగులో మాట్లాడింది. "అంకుల్ నాకు చాలా నేర్పించాడు" అని, గారూ గీరూ లేకుండా. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, సగం ఆయన కోసం, సగం నా కోసం. పోయిన మనిషి మీద కూడా అసూయపడ్డానంటే నన్నేమనాలి!

తర్వాత వాళ్ళింటికెళ్ళాం. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన భార్య నాకు కాఫీ ఇస్తూ, "మీరంటే ఆయనకెంత కుళ్ళో తెలుసాండీ?" అన్నారు.

ఉలిక్కిపడ్డాను.

"మీరు హారన్ కొట్టగానే పాప అన్నీ వదిలేసి పరిగెత్తేది కదా. ‘చూశావా, చివరికి వాళ్ళ నాన్న దగ్గరికే’ అనేవారు. మీ కారు మలుపు తిరిగేదాకా ఆ కిటికీ వదిలేవారు కాదు."

కిటికీ వైపు చూశాను. అద్దం మీద, మనిషి నుదురు ఆనే ఎత్తులో, మసగ్గా ఒక మరక ఇంకా ఉంది.