జంట మాస్టారి రూలు

లైబ్రరీ మాస్టారికి ఒక్కటంటే గిట్టదు. ఏదైనా రెండుండాలి, రెంటినీ పోల్చాలి. మోకాలు నొప్పని వెళితే డాక్టరు "ఏ కాలు?" అని అడిగాడు.

"ఎడమదాంతో పోలిస్తే కుడిది కాస్త నిజాయితీగా నొప్పెడుతోందండీ" అన్నారు ఈయన.

ఊరంతా ఆయన్ని జంట మాస్టారంటుంది. ఇస్త్రీబండి ఆయన ఓసారి వంటల పుస్తకం అడిగితే, దాని పక్కన అజీర్తి మందుల పుస్తకం పెట్టి ఇచ్చారు.

"ఒకటి చాలండీ."

"ఒక్క చెప్పేసుకుని నడుస్తావా?"

కుట్టుమిషనమ్మకి మాత్రం ఆయనంటే ఒళ్లుమంట. ఆవిడ తండ్రి ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి. మూడు నెలల కిందట మెట్ల మీద జారాడు. ఎముక విరగలేదు గానీ కూతురి ధైర్యం విరిగింది. ఆ రోజు నుంచి తండ్రిని గడప దాటనివ్వదు.

"డాక్టరు నడవమన్నాడే!" అంటాడు తండ్రి.

"ఆయనకేం, అంటాడు. పడితే ఎత్తేది నేను."

కిటికీ పక్క కుర్చీ, చేతిలో పుస్తకం, అంతే ఆయన లోకం. పుస్తకాలు రెండేసి మోసుకొచ్చేదీ తిరిగి ఇచ్చేదీ కూతురే. అదే ఆవిడ మంట.

ఈసారి మాస్టారు పేరుమోసిన పాత కథలు రెండిచ్చారు. ఒకదానిలో ఖైదీ జైలు గోడ దూకి పారిపోతాడు. రెండోదానిలో తలుపు బార్లా తీసినా ఖైదీ కదలడు.

"ఇద్దరిలో స్వేచ్ఛ ఎవరిదో నాన్నగారిని చెప్పమనమ్మా."

వారం తరువాత ఆవిడ మూతి ముడుచుకుని జవాబు మోసుకొచ్చింది. "రెండోవాడికి ఓ కూతురుండి ఉంటుందన్నాడు."

మాస్టారు నవ్వు మింగారు. "ఇది కబురమ్మా, పోలిక కాదు. చదివినవాళ్లే వచ్చి చెప్పాలి. రూలు. లేదంటే కార్డు రద్దు."

"దారిలో పడితే?"

"ఇంట్లో పడటంతో పోలిస్తే..."

"పోల్చకండి!"

పుస్తకాలు లేక తండ్రి రెండు రోజులు గోడకేసి చూశాడు. మూడో రోజు కూతురు తిట్టుకుంటూనే ఆయన చెయ్యి పట్టుకుని లైబ్రరీకి తీసుకొచ్చింది. ఆయన గాల్లో స్టీరింగు తిప్పుతూ మొదలెట్టాడు.

"మొదటివాడు స్టాపు తెలియని బస్సు మాస్టారూ. ఉరకడమే గానీ ఎక్కడికో తెలీదు. రెండోవాడు షెడ్డులో బస్సు. డీజిలుంది, తోలేవాడే లేడు."

అది గంటసేపు సాగింది. బల్ల దగ్గర ఇస్త్రీబండి ఆయన పుస్తకాలు పడేసి వెళ్లిపోబోతుంటే ఆవిడ ఆపింది.

"మీరు పోల్చి చెప్పరా?"

"నేనా? చెప్పబోతే మాస్టారు 'తరువాత విందాంలే, వెళ్లు' అంటారు. ఇంట్లోంచి కదలని వాళ్లకేనమ్మా ఆ రూలు."

ఆవిడ సరాసరి వెళ్లి నిలదీసింది. "రూలు మా నాన్నకేనా మాస్టారూ?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇంకో ఇద్దరున్నారమ్మా. వాళ్లతో పోలిస్తే మీ నాన్న తొందరగానే వచ్చారు."

ఆ శుక్రవారం ఆవిడ మిషను మీంచి తల ఎత్తకుండా అంది:

"నాకు పనుంది నాన్నా. నువ్వే వెళ్లిరా. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకో."

తండ్రి వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. తిరిగాక మిషను వైపు చూసుకుంటే, ఎవరిదో చొక్కా చెయ్యి తీసుకెళ్లి మెడకి కుట్టేసి ఉంది.