ఎస్తేరు ఎలక్షను, నా వాయిస్ మెసేజ్

ఆస్ట్రేలియా పార్లమెంటు ఎన్నికల్లో నేను వేలు పెట్టి, మా చెల్లెల్ని ఇంచుమించు ఓడించినంత పని చేసానంటే మీరు నమ్ముతారా? టీ తాగుతూ వినండి, మొత్తం చెప్తా.

ముందు మా ఎస్తేరు గురించి చెప్పాలి. మా చిన్నాన్న కూతురు. వాళ్ళది వత్సవాయి. నర్సింగు చదివి, ఆస్ట్రేలియాలో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్ళి అక్కడే స్థిరపడింది. ఆ ఊళ్ళో ఆసుపత్రి దాకా ఓ బస్సు తిరిగేదట. దాన్ని ఉన్నట్టుండి ఆపేశారు. ముసలి పేషెంట్లు ఎండలో నడుచుకుంటూ వస్తున్నారని ఇది వాళ్ళ కౌన్సిల్ మీటింగుకి వెళ్ళి లేచి అడిగింది. వాళ్ళు చెప్పిన జవాబు నచ్చలేదు. తర్వాతి మీటింగుకి మళ్ళీ వెళ్ళింది. ఆ పై మీటింగుకీ వెళ్ళింది. వాళ్ళు విసిగిపోయి, అంత బాధగా ఉంటే నువ్వే నిలబడొచ్చుగా అన్నారట. నిలబడింది, గెలిచింది, బస్సు వేయించింది. కొన్నాళ్ళకి ఆ ఊరికి మేయర్ అయింది.

మేయరంటే మేం ఏదో ఊహించుకున్నాం. మా ఆయన సుందరరావు ఇక్కడే, జగ్గయ్యపేటలో, సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తాడు. ఫోన్లో దాన్ని అన్నీ అడిగాడు. కారుకి డ్రైవరున్నాడా, ముందు జీపు వెళ్తుందా, వెనకాల మనుషులుంటారా అని. కారు తనే నడుపుకుంటుందట. శనివారం పూట సంతలో మడత బల్ల వేసుకుని కూర్చుంటే జనం వచ్చి, చెత్తబండి రాలేదనీ, పక్కింటి కుక్క అరుస్తోందనీ చెప్పిపోతారట. మా ఆయన ఫోన్ పెట్టేసి, "పాపం, ఇంకా పదవి చేతికి ఇవ్వలేదనుకుంటా" అన్నాడు.

అలాంటిది, ఈమధ్య ఏకంగా దేశం పార్లమెంటుకే నిలబడింది. ఓ రోజు నాకు ఫోన్ చేసి, అక్కా, ఓ సాయం కావాలంది. వాళ్ళ నియోజకవర్గంలో మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారట. కానీ వాళ్ళెవరికీ ఇదెవరో సరిగ్గా తెలీదు. ఎక్కడో పల్లెటూరి మేయరు, మనకేం చేస్తుందిలే అన్నట్టున్నారట. సొంతూరి మనిషి ఎవరన్నా తెలుగులో రెండు ముక్కలు చెప్తే వింటారని దాని ఆశ. నేను నందిగామ హైస్కూల్లో తెలుగు టీచర్ని కదా, గొంతు బావుంటుందని అందరూ అంటారు కదా. అందుకని నన్నడిగింది. తను పెడితే తనే పొగిడించుకున్నట్టు ఉంటుందని, అక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో నన్నే చేర్పించింది. నువ్వే రికార్డు చేసి నువ్వే పెట్టు అంది.

నేను ఊరుకుంటానా? వారం రోజులు కూర్చుని రాసా. "వత్సవాయి మట్టిలో మొలకెత్తి, ఖండాంతరాల్లో పరిమళించిన సేవాకుసుమం మా ఎస్తేరు" అని మొదలవుతుంది. రోజూ నందిగామ వెళ్ళే బస్సులో కళ్ళు మూసుకుని వల్లె వేసుకునేదాన్ని. చిల్లకల్లు దాటాక ఓ రోజు, పక్క సీటావిడ నా చెయ్యి మెల్లగా పట్టుకుని, ఎవరమ్మా పోయింది అని అడిగింది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర పొయ్యి మీద పెట్టి, వంటింటి తలుపేసుకుని రికార్డు చేసా. చాలా బాగా వచ్చింది. గ్రూపులో పెట్టేముందు ఎందుకైనా మంచిదని డ్యూటీలో ఉన్న మా ఆయనకి పంపా. తర్వాత గ్రూపు తెరిచి, అదే పెడదామని చూస్తున్నా. ఇంతలో మా ఆయన జవాబు ఫోన్ పైభాగాన మెరిసింది. "బావుంది. ఇంతకీ ఎవరి గురించి? ఆ పిల్ల గురించి నీకు తెలిసిందేదో చెప్పొచ్చుగా" అని.

వారం కష్టం అండి. ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే మైకు బటన్ నొక్కి దులిపేసా.

ఏమన్నానంటే, "నాకు తెలిసింది చెప్పమంటావా? అదో మొండిఘటం. ఓసారి నందిగామలో మేనత్త ఇంట్లో నాకు పెళ్ళిచూపులు. ఇద్దరం బస్సులో వెళ్తున్నాం. దొండకాయల బుట్ట అడ్డంగా ఉందని కండక్టర్ ఓ ముసలమ్మని సగం దారిలో దించేశాడు. ఇది బస్సు ఆపించి, దిగి, బస్సు ముందు రోడ్డు మీద కూర్చుంది. ముసలమ్మని ఎక్కించుకునేదాకా లేవలేదు. అక్కడ పెళ్ళివాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు. బ్యాంకు ఉద్యోగం సంబంధం. అది పోబట్టే ఈ సిమెంటు మనిషి దొరికాడు నాకు. దానికి వంట రాదు, ఊరుకోవడం అసలే రాదు. దాన్ని పార్లమెంటుకి పంపితే అక్కడెవర్నీ అన్నానికి కూడా లేవనివ్వదు. అది ఎంపీ కాదు, తలనొప్పి."

పంపేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, వెళ్ళి కూర కలుపుకుంటున్నా. ప్రాణం హాయిగా ఉంది. ఇటు చూస్తే ఫోన్ ఆగకుండా మోగుతోంది. తీసి చూసా. ఎవరో ముక్కూమొహం తెలీని అబ్బాయి రాశాడు. "అక్కా, ఇంతకీ ఆ ముసలమ్మ ఇంటికి చేరిందా?" అని.

ముసలమ్మ సంగతి వీడికెలా తెలుసు అనుకున్నా. అప్పుడు చూసా పైన పేరు. గ్రూపు. మా ఆయన మాట పైన మెరిసింది గానీ, నేను తెరిచి ఉంచింది గ్రూపే. తిట్టింది అందులోనే.

గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయా. తీసేయొచ్చని గుర్తొచ్చి, ఆ మెసేజ్ మీద వేలు పెట్టి నొక్కా. ఏదో రెండు రకాలుగా అడిగింది. కంగారులో చదవకుండానే ఒకటి నొక్కేసా. మెసేజ్ మాయమైంది. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నా. అయినా జవాబులు వస్తూనే ఉన్నాయి. సాయంత్రం మా ఆయన వచ్చి చూసి చెప్పాడు. నేను తీసేసింది నా ఒక్క ఫోన్లోంచేనట. గ్రూపులో అందరి దగ్గరా భద్రంగా ఉంది. నేనే ఇక దాన్ని ముట్టుకోలేను. తర్వాత ఆయన స్థిమితంగా కూర్చుని, "బ్యాంకు సంబంధం సంగతి నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

ఎస్తేరుకి చెప్పే ధైర్యం లేదు. తెలిసేలోపే సర్దేద్దామనుకున్నా. గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టా, ఈసారి చాలా మర్యాదగా. నేను ఇందాక అన్నవి నిజం కావని, మా చెల్లెలు చాలా నెమ్మదస్తురాలని, ఎవరితోనూ గొడవపడదని, ఆ రోజు బస్సు ముందు కూర్చున్నది నేనేనని చెప్పా.

దాంతో గ్రూపు రెండుగా చీలింది. గొడవే పడని మనిషి మనకెందుకని కొందరు. అక్కే ఇలా పూటకో మాట చెప్తే చెల్లెల్ని ఏం నమ్ముతామని ఇంకొందరు. బస్సు ముందు కూర్చున్నది అక్కా చెల్లా అని ఓటింగు కూడా పెట్టుకున్నారు. నాకూ కొన్ని ఓట్లొచ్చాయి. ఇది చాలదన్నట్టు ఎవరో నా మొదటి మెసేజ్‌ని ఇంగ్లీషులోకి మార్చి వీడియో చేశారు. ఎదుటి పార్టీవాళ్ళు దాన్ని ఊరంతా తిప్పారు. సొంత అక్కే తలనొప్పి అంటోంది, ఈ మనిషికా మీ ఓటు అని.

అప్పుడు ఫోన్ చేసింది ఎస్తేరు. నేను ఏడుపు మొదలుపెట్టా.

"అక్కా, ఇంక నువ్వు గ్రూపులో ఏం పెట్టొద్దు," అంది. "మా ప్రచారం చూసేవాళ్ళు చెప్పమన్నారు. గుడ్ మార్నింగ్ కూడా పెట్టొద్దంట."

సరే అన్నా. క్షమించవే అన్నా. నిజంగానే ఓడిపోతావా అని అడిగా. ఏమో, చెప్పలేనంది. దాని గొంతులో అలసట విన్నాక నాకు రెండ్రోజులు అన్నం సహించలేదు. స్కూల్లో పిల్లలకి ఛందస్సు చెప్తూ గణాలు తప్పు చెప్పా. ఊరు కాని ఊళ్ళో, అన్నేళ్ళు ఆ మడత బల్ల దగ్గర కూర్చుని సంపాదించుకున్న పేరు. నేను కోడికూర ఉడికేలోపు పాడుచేసా.

ఓట్ల లెక్కింపు రోజు శనివారం. అక్కడ పద్ధతి వేరట. ఒక్కరికే ముద్ర గుద్దడం కాదు, నిలబడ్డ వాళ్ళందరికీ ఒకటి, రెండు, మూడు అని నెంబర్లు వేయాలి. ఎవరికీ సగం దాటకపోతే చివర ఉన్నవాళ్ళని తీసేసి, వాళ్ళకి పడ్డ ఓట్లలో రెండో నెంబర్ ఎవరికుందో చూస్తారు. మా ఎస్తేరు ఒకటో నెంబర్లలో వెనకబడింది. నేను బైబిలు పట్టుకుని కూర్చున్నా. మా ఆయన ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. లెక్క తేలడానికి కొన్ని రోజులు పట్టింది. చివరికి ఆ రెండో నెంబర్లతో గట్టెక్కింది.

తర్వాత అదే చెప్పింది. సంతలో జనం వచ్చి, ఆ తలనొప్పివి నువ్వేనా అని అడిగి చెయ్యి కలిపేవాళ్ళట. మా పార్టీ మనిషికి ఒకటి వేస్తాం, నీకు రెండు వేస్తాం, మాక్కూడా అక్కడో తలనొప్పి ఉండాలి అనేవాళ్ళట. ఎదుటివాళ్ళు తిప్పిన వీడియో వల్లే, దాని పేరు తెలీనివాళ్ళకి కూడా తెలిసిందట. పార్లమెంటులో మొదటిసారి మాట్లాడినప్పుడు, చీర కట్టుకుని వెళ్ళి, వత్సవాయి పేరు చెప్పి, మా అక్క నా గురించి నిజం చెప్పింది, దానికి కట్టుబడి ఉంటానంది. ఆ ముక్క జగ్గయ్యపేటలో తిరగని ఫోన్ లేదు. నా సేవాకుసుమం మాత్రం ఇప్పటికీ మా ఆయన ఒక్కడే విన్నాడు, అదీ సగమే.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

పోయిన నెల మా వార్డుకి కౌన్సిలర్‌గా నిలబడాలనుకుంటున్న కోటేశ్వరరావు గారు కమలాపళ్ళు పట్టుకుని ఇంటికొచ్చారు. మెత్తటి మనిషి. కూర్చుని, మంచినీళ్ళు తాగి, నసుగుతూ అసలు సంగతి చెప్పారు. "మేడం గారూ, మీ చెల్లెలు గారిని తిట్టినట్టు నన్ను కూడా ఓసారి తిట్టి పెట్టాలండి."

నేను నిజంగానే ప్రయత్నించా. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. ఆయన ఎవరితోనూ గొడవపడ్డ మనిషి కాదు, ఎవరికోసమూ దేనికీ అడ్డం నిలబడ్డ మనిషీ కాదు. తిట్టడానికి కూడా ఏదో ఒకటి చేసి ఉండాలి కదండీ. అదే మాట కాస్త మర్యాదగా చెప్పి, ముందు వార్డు కోసం ఏదన్నా మంచి గొడవ పెట్టుకుని రండి, అప్పుడు చూద్దాం అన్నా. ఆయన బుద్ధిగా తలూపి వెళ్ళారు. భలే తప్పించుకున్నా అనుకున్నా.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఒకటే చప్పుడు. వెళ్ళి చూస్తే మునిసిపాలిటీ వాళ్ళు, పక్కన కోటేశ్వరరావు గారు. మా ఇంటి ముందు స్కూటరెక్కడానికి కట్టుకున్న ర్యాంపు కాలవ మీదకి వచ్చిందట, అందుకే వీధంతా మురుగు నిలుస్తోందట. నిజమే, వచ్చింది. పగలగొట్టిస్తున్నారు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి ముచ్చటపడి తెచ్చిన సిమెంటు అది. నేను గడపలో నిలబడి, నోటికొచ్చిందల్లా అనేసా. ఆయన చేతులు కట్టుకుని ఒక్క మాట ఎదురు చెప్పకుండా విన్నారు. పక్కనున్న వాళ్ళబ్బాయి ఫోన్ నావైపే పట్టుకున్నాడని అంతా అయ్యాక చూసా.

నిన్నట్నుంచి జగ్గయ్యపేటలో ఆయన ప్రచారానికి మైకు కట్టిన ఆటో తిరుగుతోంది. అందులో వచ్చేది నా గొంతే. గొంతు మాత్రం బావుందని అందరూ అంటున్నారు.