ఉత్తరాలక్క గీసిన సైకిలు దారి

సరుగుడు తోపు దాటాక దారి ఒక్కసారిగా కిందికి వాలింది. ఎదురుగా సముద్రం. ఓ పక్కన కాదు, దూరాన సన్నటి గీతలానూ కాదు. నా హ్యాండిలు మీద మొదలై ఆకాశం దాకా ఉంది. అది చూస్తూ బ్రేకు పట్టడం మరిచాను. గుర్తొచ్చి పట్టేసరికి బ్రేకే నన్ను మరిచింది. దాని రబ్బర్లు అరిగి నెలయింది. కాళ్ళు రెండూ నేలకు రాస్తూ, గులకరాళ్ళు ఎగజిమ్ముతూ, సగం కొండ దిగి కల్వర్టు దగ్గర ఎలాగో ఆగాను. ఆగింది ఒక పసుపుపచ్చ బాణం మీద. బాణం ఇంకా తడిగా ఉంది. దాన్ని గీసినామె పక్కనే కుంచె పట్టుకుని గొంతుకూర్చుని ఉంది.

"బాణం పైకి చూపిస్తోంది. మీరు కిందికొస్తున్నారు," అందామె. కోపంగా కాదు, చిరునామా తప్పిన ఉత్తరాన్ని వెనక్కి పంపేటప్పటి గొంతుతో.

క్షమించమని సైకిలు పక్కకి లాగాను. చక్రం కదిలిన మేరా రోడ్డు మీద పసుపు చుక్కలు పడ్డాయి. ఆమె వాటిని ఓసారి చూసి, వంగి నా బ్రేకుల్ని చూసి, ఈ బ్రేకులతో ఇంకో కొండ దిగితే ఇక నాకెవరూ ఉత్తరం రాయాల్సిన పని ఉండదంది. డబ్బాకు మూత బిగించింది. తన బావకు ఊళ్ళో సైకిలు కొట్టుందనీ, వెంట రమ్మనీ చెప్పి, నేను దిగొచ్చిన వైపుకే, పైకి, ముందు నడిచింది. వస్తారా అని అడగలేదు.

కాలికి బలపం కట్టుకు తిరిగేవాణ్ణి. ఎవరు రమ్మన్నా వెళ్తాను. వెళ్ళాను.

ఆ ఊరు ఆమెను ఉత్తరాలక్క అంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచింది. పదవీ విరమణ అయి రెండేళ్ళు. పొట్టి మనిషి, నడకలో మాత్రం పొడుగు. బట్ట టోపీ, కాన్వాసు బూట్లు. ఒక బూటుకు తాడు పోతే పార్సిలు కట్టే పురికొస కట్టింది. మొదటి నెలలో ఆమె సంచి బరువుకు సైకిలుతో సహా ఉప్పుమళ్ళలో పడిందట. రెండో నెల నుంచి పడలేదు. ఈ రెండు వాక్యాలూ ఆమె ఒకే గొంతుతో, ఒకే పొడవున చెప్పింది.

బావంటే ఆమె అక్క మొగుడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. నా సైకిలు తలకిందులు చేసి, అరిగిన రబ్బర్లు పీకి, వాటిని వెలుతురుకు పట్టి, ఇవి బ్రేకులు కావు, బ్రేకుల జ్ఞాపకాలన్నాడు. కొట్టు వెనక గదిలో పాత టైర్ల మధ్య గోడకు ఒక పెద్ద గోధుమరంగు అట్ట వేలాడుతోంది. దాని మీద ఊరి పటం. ఉత్తరాలక్క గీసింది.

పటాలంటే నాకు పిచ్చి. పాత కాలంలో పటం గీసిన ప్రతివాడూ తన ఊరిని నడిమధ్య పెట్టుకుని మిగతా ప్రపంచాన్ని అంచులకు నెట్టేవాడు. తప్పేం లేదు. పాలవాడికి ఊరంటే కుక్కలు. వైద్యుడికి ఊరంటే మెట్లు. ఈ పటంలో రోడ్లు సన్నంగా, గేట్లు పెద్దగా ఉన్నాయి. ఆకుపచ్చ గేటు. గడియ పట్టేసే గేటు. కుక్క గేటు. ఆ కుక్క పోయి తొమ్మిదేళ్ళయిందట. గేటు పేరు మారలేదు. పోస్టాఫీసు దగ్గర బయల్దేరిన పసుపు గీత రేవు మీదుగా, పడవలకు తారు పూసే ఆవరణ పక్కనుంచి, ఉప్పుమళ్ళు, దీపస్తంభం దాటుకుని, చివర్లో కొండెక్కుతుంది. కొండ మీద పదకొండు ఇళ్ళు. అక్కణ్ణుంచి వెనక రోడ్డు మెల్లటి వాలుతో తిన్నగా ఊళ్ళోకి దిగుతుంది. మొత్తం ఇరవైనాలుగు కిలోమీటర్లు.

సంగతంతా బావే చెప్పాడు. సైకిళ్ళ మీద తీరం చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం పర్యాటక కార్యాలయం ఒక దారి ఎంచి, పటం అచ్చు వేసి, రేవు దగ్గర పెద్ద బోర్డు పెడుతుంది. ఇంజనీరు ఒకాయన లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద గీత గీసి ఇచ్చాడు. ఉత్తరాలక్క ఇది గీసి ఇచ్చింది. గురువారం అధికారి వచ్చి ఆమె దారిలో తొక్కి చూస్తాడు. నచ్చితే ఇది, నచ్చకపోతే లారీల దారి.

ఇదంతా ఎందుకని ఆమెనే అడిగాను.  ఆమె అట్ట మీద కొండ దగ్గర వేలు పెట్టింది.

"ఫోన్లొచ్చాయి, మంచిదే. ఉత్తరాలు తగ్గాయి, పోనీ. కానీ ఈ పదకొండు గేట్ల ముందు బెల్లు మోగడమే ఆగిపోయింది. ఉత్తరం లేకపోయినా నా బెల్లుకి బయటికొచ్చేవాళ్ళు. వచ్చి, లేదా అని, సరేలే అని, పది నిమిషాలు మాట్లాడేవాళ్ళు. ఎవరో ఒకరు అటు తిరగాలి కదా."

కొండ దిగుతూ నేను చూసిన సముద్రం గురించి చెప్పాను. చెయ్యి ఊపేసింది. ముప్ఫై ఏళ్ళుగా తన వీపు వెనకే ఉందట, ఎక్కడికీ పోలేదట. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టే అనుకున్నాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అప్పుడు తట్టలేదు. మర్నాడే బయల్దేరాల్సినవాణ్ణి, గురువారం దాకా ఆగిపోయాను.

గురువారం పొద్దున అధికారి వచ్చాడు. భారీ మనిషి, మర్యాదస్థుడు. కొత్త హెల్మెట్టు, ప్యాంటు అంచులకు క్లిప్పులు, జేబులో చిన్న నోటుపుస్తకం. ముందు ఉత్తరాలక్క, వెనక ఆయన, ఆ వెనక నేను, చివర పంపుతో, వీపుకు కట్టుకున్న పటం అట్టతో బావ. రేవు దగ్గర అధికారి నవ్వాడు. పడవల దగ్గర తారు వాసన పీల్చి ఏదో రాసుకున్నాడు. ఉప్పుమళ్ళ గట్టు మీద తెల్ల పిట్టల్ని చూసి వాటికి పేర్లు పెట్టాడు. అన్నీ తప్పే, ఎవరం దిద్దలేదు. దీపస్తంభం దగ్గర నీళ్ళు తాగి, ఇంజనీరు గీసిన దారిలో ఇలాంటిదొక్కటీ లేదన్నాడు. ఉత్తరాలక్క టోపీ సర్దుకుంది. బావ నా వైపు తిరిగి కన్నుగీటాడు.

అప్పుడు కొండ వచ్చింది.

మొదటి మలుపులో అధికారి సైకిలు దిగాడు. రెండో మలుపులో మాట ఆపాడు. కల్వర్టు దగ్గర హెల్మెట్టు తీసి కూలబడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నోటుపుస్తకం తీశాడు, ఏమీ రాయకుండానే మూశాడు. ఉత్తరాలక్క ఆ మూయడం చూసింది.

"చివర్లో కొండ పెట్టారేంటమ్మా?" అన్నాడాయన.

"చివర్లోనే కదా సార్ పెట్టాలి," అందామె, ఇంత చిన్న విషయం చెప్పాల్సివస్తోందే అన్నట్టు. "ఇక్కడికొచ్చేసరికి సంచి ఖాళీ అయిపోతుంది. బరువుండదు. ఉత్త సైకిలే."

 బావ పంపు నేలకు ఆనించాడు.

"మరదలా," అన్నాడు. "సారుకి సంచెక్కడిది?"

ఆమె బావను చూసింది. అధికారిని చూసింది. ఆయన సైకిలు వెనక, సంచి ఉండాల్సిన చోట, చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు గేటు గేటుకూ తేలికవుతూ వచ్చిన మనిషి, మిగతా లోకం గేటు గేటుకూ అలిసిపోతుందని ఎందుకనుకుంటుంది? బరువు ఉన్నప్పుడు చదును, తేలికయ్యాక కొండ. ఆ సూత్రం ఆమె కాళ్ళలోకి ఎంతగా ఇంకిపోయిందంటే, దాన్ని సూత్రమని కూడా ఆమె అనుకోలేదు. ముందు ఆమె పెదవి వణికింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. నవ్వు. సైకిలు సీటు పట్టుకుని, టోపీ జారిపోయేదాకా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు గానీ, ఇంజనీరు దారి చూపులకు అంతంతమాత్రమే అయినా చదునుగా ఉందని మెల్లగా గుర్తుచేశాడు. వెళ్దామని లేచాడు.

ఉత్తరాలక్క నవ్వు ఆగిపోయింది.

"సార్, ఒక్క పని చెయ్యండి. సైకిలు తిప్పండి. తొక్కొద్దు. ఊరికే దిగండి."

దిగితే ఏమవుతుందో ఆమెకూ తెలియదు. కొండ మీద చివరి ఉత్తరం ఇచ్చాక ఏ రోజైనా వెనక రోడ్డునే ఇంటికి పోయింది. అది దగ్గర దారి. ఆ కొండను ఆమె ఎన్ని వేలసార్లు ఎక్కిందో. ఇటు దిగింది లేదు. దారి చూపించాలని తనే ముందు తిప్పింది. మలుపు తిరిగింది. అక్కడ ఆమె భుజాలు ఒక్కసారిగా పైకి లేచాయి, చల్లనీళ్ళు మీద పోసినట్టు. పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసింది.

మేం కిందికి చేరేసరికి అధికారి ఇసుకలో నిలబడి, ఎక్కేటప్పుడు ఈ సముద్రం ఎక్కడుందని అడుగుతున్నాడు. మన వీపుల వెనక సార్ అని బావ జవాబు చెప్పాడు. ఉత్తరాలక్క ఏమీ చెప్పలేదు. అప్పటికే సైకిలు తోసుకుంటూ మళ్ళీ పైకి పోతోంది. నేనూ వెంట పోయాను. ఈసారి కొండ కొసదాకా ఎక్కి, పదకొండు గేట్ల ముందునుంచి బెల్లు కొట్టుకుంటూ బయల్దేరింది. తలుపులు తెరుచుకున్నాయి. తడిచేతులు తుడుచుకుంటూ ఒక ముసలావిడ పరుగులాంటి నడకతో గేటు దాకా వచ్చి, ఉత్తరమా అని కేకేసింది. కాదు, నేనే, సముద్రం చూడ్డానికి పోతున్నానని ఈమె అరిచింది. ముసలావిడకు అర్థమైనట్టు లేదు, అయినా చెయ్యి ఊపింది.

మేం మళ్ళీ దిగేసరికి కింద అధికారి నోటుపుస్తకంలో రెండు పేజీలు నింపాడు. ఈ దారే ఖాయం, కాకపోతే తిరగేసి: పోస్టాఫీసు నుంచి వెనక రోడ్డున ఇంకా అలిసిపోని కాళ్ళతో కొండెక్కి, ఇటు సముద్రంలోకి దూకుతున్నట్టు దిగి, తీరం వెంట ఊరు చేరడం. సోమవారం బోర్డు రాసేవాళ్ళు వస్తారు. ఈలోగా బాణాలన్నీ తిప్పాలి.

"నలభై ఆరు బాణాలు," అన్నాడు బావ. "నీకొచ్చింది రిటైర్మెంటు కాదు మరదలా, బదిలీ."

ఆమె వినలేదు. అధికారి పటం అట్టను మడత పడకుండా ఎలా తీసుకుపోవాలా అని చూస్తుంటే, నేను ఆయనకు పూర్వం బాటసారులు దారి పుస్తకాలు రాసేటప్పుడు వెళ్ళే దారినీ వచ్చే దారినీ రెండు వేరువేరు దారులుగా ఎందుకు రాసేవారో చెప్పడం మొదలెట్టాను. ఒకే దారి కదా అని మనమనుకుంటాం గానీ, నిజానికి, అని ఆమె వైపు తిరిగాను. ఆమె లేదు. సైకిలు రోడ్డు పక్క పిట్టగోడకు ఆనించి ఉంది. దాని హ్యాండిలుకు తగిలించి తెచ్చిన పెయింటు డబ్బా లేదు. మొదటి మలుపు దగ్గర రోడ్డు మధ్య వంగి, పాత బాణం తలను గీకుతోంది. ఆ మరుక్షణం లేచి, మా వైపు చూడకుండానే, తర్వాతి బాణం దగ్గరికి నడిచిపోయింది.