నాజిల్ ఊదిన నోటితోనే స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామమున వందనాలు! రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా పత్తికి పచ్చపురుగు పట్టింది, నాకు పొగరు పట్టింది. జూలూరుపాడులో డబ్బా మూత తీస్తే ములకలపల్లి అడవిలో కాకులు లేచిపోయేంత ఘాటైన పురుగుమందును నేను బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాణ్ణి, కర్రతో కలిపేవాడు మగాడే కాదని మా చేలలో ఒక సిద్ధాంతం! స్ప్రేయర్ నాజిల్‌కు చెత్త అడ్డుపడితే నోట్లో పెట్టుకొని బూర ఊదినట్టు ఊదేవాణ్ణి.

నా భార్య రూతమ్మ, “ఏందయ్యా, అది మందా, మజ్జిగా? మూతికి గుడ్డన్న కట్టుకో” అనేది. “నాకు దేవుడున్నడే, గుడ్డెందుకు?” అనేవాణ్ణి. అది విశ్వాసం కాదు సహోదరులారా, దేవుణ్ణి శోధించడం, పరీక్ష పెట్టడం!

ఒక మధ్యాహ్నం ఎదురుగాలికి మందు కొడుతూ కూలిపోయాను. చొక్కా పిండితే ఎకరం తడిసేంత చెమట, నోట చొంగ, కంటిపాపలు ఆవగింజలంత, ఊపిరి మాత్రం అందదు. రూతమ్మ తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్ళంతా కడిగి, డాక్టరుకు చూపించాలని మందు డబ్బా కూడా పట్టుకొని, ఆటోలో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతూ దారంతా ప్రార్థించింది:

“తండ్రీ, నా మొగడు మూర్ఖుడని నీకెరుకే, నేను కొత్తగ చెప్పేదేముంది! గీ ఒక్కపారి ఊపిరియ్యి. మళ్ల గిట్ల చేస్తే నేనే నీ కాడికి తోలిస్త!”

డబ్బా చూసి డాక్టరుగారు వెంటనే సూదిమందు మొదలుపెట్టారు, మూడో రోజుకు ఊపిరి నిండుగా ఆడింది, దేవునికే మహిమ!

మరుసటి ఏడు నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ, కళ్ళద్దాలతో చేనులో దిగాను, గాలి వాలు చూసుకొని కొట్టాను, నాజిల్‌ను నీళ్ళతో కడిగాను, సబ్బుతో చేతులు కడగనిదే బీడీ కూడా ముట్టలేదు.

“ఏంది మామా, పెండ్లికొడుకోలె తయారైనవ్?” అన్నాడు పక్క చేనులో ఉన్న, నాకు వరసకు అల్లుడయ్యే పిల్లోడు.

“అవ్ రా! పోయినేడు పాడెక్కబోయిన, గీయేడు పెండ్లికొడుకునైన!” అన్నాను.

ఊపిరి ఇచ్చిన దేవునికి కృతజ్ఞతలు. ఆయన్ని నమ్ముకోండి, ఆయన ఇచ్చిన ఒంటిని కాపాడుకోండి. రేపు మందు కొట్టబోయే సహోదరుడు ఎవరైనా ఉంటే ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి, ఇద్దరం ప్రార్థన చేద్దాం. నా దగ్గర ఇంకో జత తొడుగులున్నాయి, అవీ తీసుకుపోండి.